ఆశునాటకాల అక్క

అక్క పోయిందన్న కబురు ఆఫీసు మీటింగ్‌లో ఉండగా తెలిసింది. రోజూ పొద్దున జరిగే మీటింగే. ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేయబోతున్నారో చెప్పాలి. నా ముందువాడు మాట్లాడుతుండగా ఫోన్ చూస్తే, మా నాటకాల గ్రూప్‌లో సంధ్య పెట్టిన మెసేజ్: "అక్క ఇగ లేదు." అంతలో నా వంతు వచ్చింది. నిన్నటి పని చెప్పాను, ఇవాళ్టి పని చెప్పాను. గొంతులో తేడా ఎవరికీ తెలిసినట్టు లేదు. మీటింగ్ అయ్యాక కోటు తగిలించుకుని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి, ఓ పక్కకి తోసిన మంచుగుట్ట దగ్గర నిలబడ్డాను. ఫిబ్రవరిలో మా నోవై ఊళ్ళో చలికి మనిషి ఎక్కువసేపు దుఃఖపడ్డానికి కూడా వీలుండదు. చెవులు మండుతుంటే లోపలికి వచ్చి పనిలో పడ్డాను.

ఆవిడ నాకు తోడబుట్టింది కాదు. వాళ్ళది తెనాలి, మాది అనకాపల్లి. వయసులో నాకంటే బాగా పెద్ద. మా గుంపులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు కాబట్టి నేనూ పేరు రాయను. ఆ శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో చాలామంది మాట్లాడారు. ఆఫీసువాళ్ళు ఆవిడ పనితనం గురించి చెప్పారు, గుడికి వచ్చేవాళ్ళు ఆవిడ పులిహోర గురించి చెప్పారు. అన్నీ నిజాలే. కానీ ఆవిడ కుర్చీలో ఎలా కూర్చునేదో ఎవరూ చెప్పలేదు.

అక్క ఉద్యోగం కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో. కొత్త సీటు వస్తే కూర్చుని, నడుముకి ఎక్కడ ఒత్తుకుంటోందో, తొడ కింద ఎక్కడ కోసుకుంటోందో చెప్పాలి. ఆ అలవాటు ఆవిణ్ణి ఎక్కడా వదిలేది కాదు. పెళ్ళికి వెళ్ళినా, డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళినా, కుర్చీలో కూర్చోగానే రెండుసార్లు అటూ ఇటూ జరిగి, అంచుని అరచేత్తో ఒత్తి చూసి తీర్పు చెప్పేది. ఎక్కువసార్లు ఆ తీర్పు ఒకటే. "దీన్ని చేసినవాడు దీంట్లో కూర్చోలేదు."

మనుషుల గురించి కూడా అదే మాట అనేది. ఆఫీసులో ఎవరైనా కొత్త పద్ధతి పెట్టారని నేను గొణిగితే, "అది పెట్టినవాడు దాంట్లో కూర్చోలేదులే" అని తేల్చేసేది.

ఆవిడకి ఇంప్రావ్ అంటుకున్న సంగతి ఆవిడ నోటితోనే వినాలి. ఇంప్రావ్ అంటే స్క్రిప్టు లేని నాటకం. స్టేజి ఎక్కేదాకా ఏం ఆడబోతున్నారో ఆడేవాళ్ళకే తెలియదు. ఒకరు ఒక మాట అంటారు. ఎదుటివారు దాన్ని కాదనకుండా అందుకుని, ఇంకోటి కలుపుతారు. అలా లేని ఇల్లు లేస్తుంది, లేని రైలు కదులుతుంది. "ఆశుకవిత్వం ఉండగా ఆశునాటకం ఉండకూడదా?" అనేది అక్క.

"మా కంపెనీవాళ్ళు టీమ్‌వర్క్ నేర్చుకోండని ట్రైనింగ్‌కి తోలారు. లెక్చరిస్తారు గదా, ఓ కునుకు తీద్దామని పోయా. ఒక పొడుగాటి తెల్లాయన వచ్చి నన్ను కోడివి కమ్మన్నాడు."

"అయ్యారా?"

"కాకేం చేస్తా? కోడినై గుడ్డు కూడా పెట్టా. మా డైరెక్టరు వచ్చి దాని మీద కూర్చుని పొదిగాడు. అప్పటిదాకా ఆయన నాకు గుడ్‌మార్నింగ్ చెప్పిన పాపాన పోలా!"

మిగతావాళ్ళు ఆ రోజు నవ్వుకుని మర్చిపోయారు. అక్క మర్చిపోలేదు. ఎక్కడెక్కడో క్లాసులకి తిరిగి నేర్చుకుంది. తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీలో ఒక మీటింగ్ రూమ్ బుక్ చేసి, తెలుగువాళ్ళని పోగేసింది. బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి ఉన్ని మేజోళ్ళతో కార్పెట్ మీద తిరిగేది. ఆ రెండు మేజోళ్ళూ ఎప్పుడూ ఒక జతవి కావు. డ్రయర్ ఒకదాన్ని మింగేస్తే రెండోదాన్ని పారేయడం ఆవిడకి ఇష్టముండేది కాదు. "జత కుదరకపోతే ఏంది? రెండు కాళ్ళూ ఒకచోటికే గదా పోయేది" అనేది.

నేను అక్కడికి సరదా కోసం వెళ్ళలేదు. ఆ ఏడు రివ్యూలో మా మేనేజర్, పని బాగానే చేస్తావు గానీ టీమ్‌తో కలవవు అని రాశాడు. ఆ మాట నన్ను చాలా రోజులు పొడిచింది. నా పని నేను చేస్తున్నాను కదా, ఇంకా కలవడమేమిటి? ఎవరో చెబితే, మొహమాటంగానే లైబ్రరీకి వెళ్ళాను. ముందే రెండు జోకులు తయారుచేసుకుని వెళ్ళాను.

మొదటిరోజే అక్క నన్నూ సంధ్యనీ నిలబెట్టింది. సంధ్యది వరంగల్, ఇక్కడ ఒక బ్యాంకులో టెస్టింగ్ పని. ఇద్దరం కలిసి ఒక ఇనప బీరువాని మెట్ల మీదుగా పైకి మోసుకెళ్ళాలి. బీరువా లేదు, మెట్లూ లేవు. సంధ్య పైన, నేను కింద. నాలుగు మెట్లు ఎక్కామో లేదో, నేను చేతులు వదిలేసి జేబులోంచి లేని ఫోన్ తీసి, "హలో, ఆ, చెప్పు మేనేజర్!" అన్నాను. అందరూ ఘొల్లున నవ్వారు. నాకు భలే అనిపించింది.

అక్క నవ్వలేదు. దగ్గరికి వచ్చి సంధ్యని చూపించింది. ఆ అమ్మాయి ఇంకా వంగే ఉంది. రెండు చేతులూ బిగించి, నేను వదిలేసిన బరువంతా తనే పట్టుకుని, నా వైపు చూస్తోంది.

"నవ్వొచ్చింది, బానే ఉంది. బీరువా ఇప్పుడు ఎవరి మీదుందిరా?" అంది అక్క.

లేని ఫోన్‌ని మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.

"నువ్వు బాగా చెయ్యక్కర్లా నాయనా. నీ పక్కన ఉన్న పిల్ల బాగా చేసేట్టు చూడు. ఆ పిల్ల నీ సంగతి చూస్తది. అందరూ ఎవరి సంగతి వాళ్ళు చూసుకుంటే ఇంతమంది ఎందుకు, ఇంట్లో అద్దం ముందు ఆడుకోవచ్చు."

మళ్ళీ ఎత్తించింది. ఈసారి సంధ్య "జర ఆగు, నా చెయ్యి జారుతాంది" అంటే ఆగాను. తను ఊపిరి పీలిస్తే నేనూ పీల్చాను. పైకి చేరి బీరువాని దించేసరికి నా భుజాలు నిజంగానే నొప్పిపెట్టాయి. జోకులు రెండూ ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసులో నాలో వచ్చిన మార్పు నాకే వింతగా ఉండేది. ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజున మా టీమ్‌లో ఒకడి పొరపాటువల్ల అంతా ఆగిపోయింది. ఫోన్‌లో ఉన్న ప్రతివాడూ తనది కాదని నిరూపించుకునే పనిలో ఉన్నాడు. నేనూ అంతే చేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం వాడితో, "నా వైపునుంచి ఏం పట్టుకోమంటావో చెప్పు" అన్నాను. తర్వాత వాడు మెల్లగా తనకి ఏం అర్థం కావడం లేదో చెప్పాడు. అక్కతో ఈ సంగతి చెబితే మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆవిడకి చాతకాదు. తన ప్లేటులో సగం కొరికిన చెగోడీ ఉంటే, మిగతా సగం నా చేతిలో పెట్టింది.

మాలో అందరికంటే చిన్నది మాయ. ఇక్కడే పుట్టిన పిల్ల, ఫార్మసీ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ మాటలు అందవు. మాట అందనప్పుడల్లా ఏదో ఒక జంతువు అయిపోయేది. అక్క దాన్ని తప్పనలేదు. "మేక కూడా మనిషే, కానియ్" అనేది.

ఒక ఉగాది ఫంక్షన్‌కి హైస్కూల్ ఆడిటోరియంలో మాకు స్టేజి ఇచ్చారు. ఏం సీన్ కావాలని ప్రేక్షకుల్ని అడిగితే, మంచులో ఆగిపోయిన కారు అన్నారు. నేను డ్రైవర్ని, మాయ నా కూతురు. అక్క కారుని లాక్కెళ్ళే ట్రక్కు మనిషిగా వచ్చింది. బానెట్ మీద దబదబా కొట్టి, "ఎవరయ్యా ఈ కారు?" అంది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆగిపోయింది. మమ్మల్ని చూసింది, హాలంతా చూసింది. ఆ తర్వాత చాలా మర్యాదగా నన్ను అడిగింది.

"అబ్బాయ్, ఈ బస్సు తెనాలి ఎన్నింటికి పోద్ది?"

నాకు అర్థం కాలేదు. కానీ సంధ్య అప్పటికే పక్కనుంచి పరుగెత్తుకొచ్చేసింది. "తెనాలి తెనాలి తెనాలి! ఎక్కుండ్రి ఎక్కుండ్రి! ఇంకిద్దరొస్తె కదుల్తది!" అని కండక్టర్ అయిపోయింది. నేను స్టీరింగ్ పెద్దది చేసి హారన్ కొట్టాను. మాయ వెంటనే మేకై బస్సులోకి ఎక్కింది. దానికి టికెట్ కొట్టాలా వద్దా అని సంధ్య జనాన్ని అడిగింది. ఆడిటోరియం ఊగిపోయింది. మా గుంపు అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. అక్క కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయింది. అది కూడా నటనే అనుకున్నాం, ఎంత బాగా చేసిందో అనుకున్నాం.

బయట లాబీలో నా చెంప మీద తట్టి అడిగింది. "ఆ బస్సు ఐడియా ఎవరిదిరా? బ్రహ్మాండం!"

"మీదే అక్కా."

"నాదా? పో!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. మా ఆటలో ఎవరి మాట ఎవరిదో మర్చిపోవడం మామూలే.

ఆ తర్వాత అలాంటివి పెరిగాయి. సీన్ మధ్యలో నన్ను వాళ్ళ తమ్ముడనేది, సరే తమ్ముణ్ణయ్యేవాణ్ణి. వంటిల్లు కాస్తా హఠాత్తుగా రైల్వే స్టేషనయ్యేది, మేమంతా కూలీలమో టీ అమ్మేవాళ్ళమో అయ్యేవాళ్ళం. ఏ మాట పడ్డా కింద పడనివ్వకూడదని ఆవిడే నేర్పింది. మేం పడనివ్వలేదు. ఆవిడ ఎంత దూరం విసిరినా పట్టుకునేవాళ్ళం. ఈ మధ్య అక్క కొత్త దారులు తొక్కుతోందని మాలో మేం చెప్పుకునేవాళ్ళం కూడా.

ఒక ఆదివారం అక్కకంటే ముందు ఆవిడ భర్త లోపలికి వచ్చారు. మేం ఆయన్ని బావగారూ అని పిలిచేవాళ్ళం. తక్కువ మాటల మనిషి. పిల్లలు లేరు, ఇద్దరే. ఎప్పుడైనా వస్తే వెనక వరసలో కూర్చుని చూసి వెళ్ళేవారు.

"ఆవిడ రెస్ట్‌రూమ్‌కి వెళ్ళింది. వచ్చేలోగా ఒక మాట చెప్పాలి" అన్నారు. డాక్టర్లు పరీక్షలన్నీ చేశారనీ, మతి తప్పే జబ్బనీ, ముందుకి పోవడమే గానీ వెనక్కి రావడం ఉండదనీ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు. తర్వాత టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నారు.

"నాకు చాన్నాళ్ళనుంచీ అనుమానం. కాచిన పాలే మళ్ళీ కాచేది. తెలిసిన రోడ్డు మీద ఎటు తిరగాలని అడిగేది. కానీ ఆదివారం ఇక్కడికొచ్చి చూస్తే ఒక్క మాట తడబడేది కాదు. తడబడినా మీరు పట్టేసేవాళ్ళు. ఇంత బాగా ఆడే మనిషికి జబ్బేమిటి, నా భ్రమ అనుకుని ఇంటికెళ్ళేవాణ్ణి."

మమ్మల్ని నిందించడానికి అన్న మాట కాదది. అది తెలుస్తూనే ఉంది. అయినా మాలో ఒక్కరికీ తల ఎత్తబుద్ధి కాలేదు. చివరికి సంధ్య అడిగింది. "ముందుగాల తెలిస్తే ఏమన్న ఫాయిదా ఉండేదా, బావగారూ?"

"లేదమ్మా. అడిగాను. ఏమీ ఉండేది కాదట."

ఆ మాట వింటే మనసు తేలికపడాలి. పడలేదు. అంతలో అక్క వచ్చి, "ఏందర్రా, శవం లేచిన ఇంట్లోలా కూర్చున్నారు? లేవండి, లేవండి" అని చప్పట్లు కొట్టింది.

మేం ఆపలేదు. ఆపితే ఆవిడకి ఆదివారాలు ఏమవుతాయన్నది మా భయం. ఇంకొన్నాళ్ళు వచ్చింది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ సీన్ ఆడాం. మాయ తప్పిపోయిన చిన్నపిల్ల. అక్క అక్కడ పనిచేసే మనిషి.

"అమ్మ కనిపించట్లేదు" అంది మాయ, ఏడుపు గొంతుతో.

అక్క మొహం మారిపోయింది. మాయ చెయ్యి పట్టుకుని, గది తలుపు తీసుకుని, లైబ్రరీలోకి నడిచింది. కంప్యూటర్ల ముందున్నవాళ్ళనీ, పుస్తకాలు సర్దుతున్న ముసలాయన్నీ ఆపి, "ఏవండీ, ఈ పిల్ల తల్లి ఎవరండీ?" అని తెలుగులో అడగడం మొదలుపెట్టింది. వాళ్ళు తెల్లబోయి చూస్తున్నారు.

"ఆంటీ, ఇట్స్ ఓకే. అది సీన్ మాత్రమే, ఆంటీ" అంటోంది మాయ.

"భయపడబాకమ్మా. మీ అమ్మ దొరికిందాకా నిన్ను వదల్ను."

మేం వెనకే వెళ్ళాం. ఏం చెయ్యాలో తోచలేదు. నిజం చెప్పి చూశాం, వినలేదు. బలవంతంగా లాగడానికి ఎవరికీ చేతులు రాలేదు. సంధ్య ముందుకి పరుగెత్తి, అల్మరాల అవతలనుంచి తిరిగి వచ్చి, "నా బిడ్డా! ఎక్కడ పోయినవే!" అని మాయని వాటేసుకుంది. అక్క ఆమెని పైనుంచి కిందికి చూసింది. "ఇంతసేపు ఎక్కడికి పోయావమ్మా? బిడ్డ బెదిరిపోయింది. కాస్త బుద్ధుండొద్దూ?" అని గట్టిగా చీవాట్లు పెట్టింది. తర్వాత మాయ చెయ్యి జాగ్రత్తగా సంధ్య చేతిలో పెట్టింది. పెట్టాక గదిలోకి వచ్చి, మంచినీళ్ళు అడిగి, గ్లాసుడూ తాగింది.

మాయ ఆ రోజు రెస్ట్‌రూమ్‌లోంచి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "నా చెయ్యి ఎంత టైట్‌గా పట్టుకుందో తెలుసా?" అని మాత్రం అంది. ఆ తర్వాత బావగారు ఆవిణ్ణి తీసుకురాలేదు.

మేమే ఇంటికి వెళ్ళేవాళ్ళం, వంతులవారీగా. నేను ఆవిణ్ణి ఆఖరుగా చూసింది పోయినేడు చలికాలంలో, ఒక మధ్యాహ్నం. వీధి తలుపుకి పైన, చెయ్యి అందనంత ఎత్తులో కొత్తగా ఒక గడియ బిగించి ఉంది. అక్క సోఫాలో కూర్చుని ఉంది. ఊరికే కూర్చుంది, అంతే. నా పేరు ఆవిడకి తెలియడం మానేసి చాలా రోజులైంది. నన్ను చూడగానే మాత్రం లేచింది.

"వచ్చావా? పద, ఆలస్యమైంది."

"ఎక్కడికక్కా?"

"ఆఫీసుకి. కొత్త సీటు వచ్చిందంట. నేను కూర్చుని చెప్తేగానీ పంపరు. కారు తియ్."

కాదనకూడదు. ఆవిడ నేర్పిందే. "సరే అక్కా, పదండి" అని డైనింగ్ టేబుల్ దగ్గర రెండు కుర్చీలు పక్కపక్కన వేశాను. ఒకదాంట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాను. "ఎక్కండక్కా, రోడ్డు బానే ఉంది, మంచు తీసేశారు" అన్నాను.

అక్క కూర్చోలేదు. పక్కన నిలబడి చూసింది.

"ఏం చేస్తన్నావురా?"

"డ్రైవ్ చేస్తున్నానక్కా."

నా చేతుల వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో అయిన పిల్లాణ్ణి చూసినట్టు, జాలిగా చూసింది.

"నీ చేతుల్లో ఏం లేదు" అంది.

చేతులు ఎలా దించుకోవాలో నాకు తెలియలేదు. ఆవిడ నా భుజం పట్టుకుంది. "కారు తియ్యవయ్యా. నీకు పుణ్యముంటది. అందరూ నాకోసం ఆగుంటారు. వీళ్ళు నన్ను పోనియ్యట్లా." ఆవిడ ఒకరిని బతిమాలడం నేను అంతకుముందు వినలేదు. కళ్ళనిండా నీళ్ళు. నేను ఏదో చెప్పబోయాను. మంచు ఎక్కువగా ఉందనో, ఇవాళ సెలవనో. ప్రతి మాటకీ ఆవిడ తల అడ్డంగా ఊపింది.

బావగారు వంటింట్లోంచి వచ్చి నా చెవి దగ్గర అన్నారు. "నిన్ను చూసినంతసేపూ ఇంతే బాబూ. కారు తెస్తానని చెప్పి వెళ్ళిపో. ఇంకో దారి లేదు."

"ఉండండక్కా, కారు గుమ్మం ముందుకి తెస్తాను" అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. "త్వరగా రా" అంది.

బయట నా కారు అద్దం మీద మంచు గట్టిగా కరుచుకుని ఉంది. గీకితేగానీ కదలడానికి లేదు. గీకుతూ తల ఎత్తితే, కిటికీలో అక్క. మెడకి స్కార్ఫ్ చుట్టుకుంది. హ్యాండ్‌బ్యాగ్ మోచేతికి తగిలించుకుంది. నా పని అయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది. నేను కారెక్కి స్టార్ట్ చేయగానే చెయ్యెత్తి, ఇటు, గుమ్మం ఇటు అని చూపించింది. నేను వెనక్కి తీయడం మొదలుపెట్టాను. దారి తెలియలేదనుకుందేమో, ఇంకా గట్టిగా ఊపింది. బావగారు వెనకనుంచి వచ్చి ఏదో చెబుతున్నారు. ఆవిడ వినడం లేదు. నేను రోడ్డు మీదికి వచ్చి, గేరు మార్చి, ముందుకి పోయాను.

సాయంత్రం బావగారు ఫోన్ చేశారు. "నువ్వేం మనసులో పెట్టుకోకు బాబూ. కాసేపటికి మర్చిపోయింది" అన్నారు.

ఎంతసేపటికని నేను అడగలేదు.